‘సహ’ ఎక్కడ పోయింది?

తమ్ముడూ,

నీ వ్యాసం మొన్న అందింది. అమెరికన్ వీడియోగేమ్‌ల రూపకర్త జాన్ రొమేరో మీద తెలుగులో పదిహేను పేజీలు రాయాలని పూనుకున్నందుకు సంతోషం. కానీ మొదటి వాక్యం దగ్గరే నాకు ఒళ్లు మండింది. ‘డూమ్ గేమ్‌ను ఒంటిచేత్తో సృష్టించిన మేధావి’ అన్నావు. అదే పేజీ కింద ‘ఐడీ సాఫ్ట్‌వేర్ సహ వ్యవస్థాపకుడు’ అని కూడా రాశావు. ఒంటిచేత్తో చేసినవాడికి ఈ ‘సహ’ ఎక్కణ్నుంచి వచ్చింది? వచ్చినదాన్ని నడిమధ్యలో ఎందుకు వదిలేశావు?

1991 ఫిబ్రవరిలో ఆ గేమ్‌ల కంపెనీ పెట్టింది నలుగురు. జాన్ కార్మాక్, జాన్ రొమేరో, టామ్ హాల్, ఏడ్రియన్ కార్మాక్. కార్మాక్‌లిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. అన్నదమ్ములని రాశావు, అది కొట్టెయ్.

అసలు కథ అంతకు ముందటి సెప్టెంబర్‌లో ఉంది. నువ్వేమో ‘ఒక డెమో తయారైంది’ అని ఒక్క ముక్కలో దాటేశావు. అమెరికాలో లూసియానా రాష్ట్రం, ష్రీవ్‌పోర్ట్ అనే ఊరు. వీళ్లంతా సాఫ్ట్‌డిస్క్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగులు. అప్పటి పీసీల్లో తెర మొత్తం పక్కకి జరపాలంటే కుదుపులే. మారిన గళ్లు మాత్రమే మళ్లీ గీస్తే చాలని జాన్ కార్మాక్ ఒక కిటుకు పట్టాడు. ఒక రాత్రంతా కూర్చుని అతనూ టామ్ హాలూ నింటెండో వాళ్ల గేమ్ సూపర్ మారియో బ్రదర్స్ 3 మొదటి లెవెల్‌ని పీసీలోకి దింపేశారు. మారియో బదులు రొమేరో పాత గేమ్‌లోని డేవ్ బొమ్మని నిలబెట్టారు. ఫ్లాపీ తీసి రొమేరో టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయారు. పొద్దున్నే రొమేరో వచ్చి దాన్ని మెషీన్‌లో పెట్టాడు. డేవ్ నడుస్తున్నాడు, వెనకాల లోకం నీళ్లలా జారుతోంది. ఇక ఈ ఉద్యోగంలో ఉండి లాభం లేదని అతనికి అప్పుడే తట్టింది.

చూశావా, ఆ రాత్రి రొమేరో అక్కడ లేనే లేడు. అతని జీవితాన్ని తిప్పిన పని వేరేవాళ్ల చేతుల్లో జరిగింది. అదేమిటో మిగతా అందరికంటే ముందు గుర్తుపట్టి, పదండి పోదాం అన్నది అతను. ఆ గుర్తుపట్టడం రాయి. మేధావి అన్న మాట దానికి సరిపోదు.

నాకు ఈ పట్టుదల ఎలా వచ్చిందో చెబుతాను. 1988లో పోచంపల్లి వెళ్లి ఒక నేతగాడి మీద వ్యాసం రాశాను. వాళ్లింట్లో మగ్గం పక్కన అతని భార్య ఆసు పోస్తూ, అంటే నేతకి ముందు నూలుని మేకుల మీద చుడుతూ కూర్చుంది. అర్ధచంద్రాకారంలో మేకులు, వాటి మీదుగా చెయ్యి పోతూ వస్తూ, ఒక్క చీరకి కొన్ని వేలసార్లు. భుజం నొప్పి పుడితే ఎడమ చేత్తో అదిమిపట్టుకుని మళ్లీ మొదలుపెట్టేది. ఆమె గురించి రెండు పేజీలు రాశాను. వారపత్రిక ఎడిటర్ ఆ రెండు పేజీలూ కోసేసి, ‘పాఠకుడికి ఒక హీరో చాలు’ అన్నాడు. ఒంటరి శిల్పి అని శీర్షిక పెట్టాడు. డబ్బు అవసరంలో ఉన్నాను, నోరు మూసుకున్నాను. పత్రిక తీసుకుని వాళ్లింటికి వెళితే ఆమె చదివించుకుని విని, ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి టీ పెట్టుకొచ్చింది. ఆ టీ ఇప్పటికీ నా గొంతులోనే ఉంది.

ఇప్పుడు సక్సెస్ స్టోరీ అని కొత్త పేరుతో అదే రోగం తిరుగుతోంది. నీకూ అంటుకుంది.

డూమ్ 1993 డిసెంబర్ 10న వచ్చింది. ఇంజిన్, అంటే గేమ్‌ని తెర మీద నడిపించే అసలు ప్రోగ్రాం, జాన్ కార్మాక్‌ది. రాక్షసుల్లో కొన్నిటిని ఏడ్రియన్ మట్టితో చేసి, కెమెరా ముందు తిప్పి తిప్పి బొమ్మలు పట్టాడు. రెండో, మూడో ఎపిసోడ్‌ల లెవెల్స్ చాలావరకు శాండీ పీటర్సన్ పూర్తిచేశాడు. మరి రొమేరో? లెవెల్స్ కట్టే ఎడిటర్ ప్రోగ్రాం రాశాడు. మొదటి ఎపిసోడ్ చాలావరకు కట్టాడు. అందులో మొదటి లెవెల్‌ని అన్నిటికంటే చివర కట్టాడు, చెయ్యి బాగా తిరిగాక. నీ మొదటి పేరా కూడా అలాగే చివర రాయి.

రొమేరో తర్వాతి గేమ్ డైకటానా సంగతి సిగ్గుపడుతున్నట్టు మూడు లైన్లలో ముగించావు. అక్కడే ఆగాలి తమ్ముడూ! 1996లో ఐడీ వదిలేసి, డాలస్‌లో అయాన్ స్టార్మ్ అనే కొత్త కంపెనీ పెట్టారు. అక్కడా టామ్ హాల్ పక్కనే ఉన్నాడు. 1997లో వస్తుందన్న గేమ్ 2000లో వచ్చింది. మధ్యలో ఇంజిన్ మార్చారు, జట్టులో చాలామంది వెళ్లిపోయారు. ఆటగాళ్లని తొడగొట్టి సవాలు చేసినట్టున్న ఒక ప్రకటన మాత్రం అతని ఒక్కడి పేరుతోనే వచ్చింది. దానికి తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ ప్రకటననీ నీ మొదటి వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి చూడు. 2015లో ఐర్లండ్‌లోని గాల్వేలో భార్య బ్రెండాతో కలిసి మళ్లీ స్టూడియో పెట్టాడు. అదీ ఇద్దరి పేరు మీదే.

గేమ్‌ప్లేకి తెలుగు మాట ఏమిటని అడిగావు. గేమ్‌ప్లే అనే రాసుకో. ఏ పత్రికకి పంపాలి, పారితోషికం ఎంత ఇస్తారు అన్నవి తర్వాత చూద్దాం.

ముందు ఆ ఫ్లాపీ పొద్దుతో మొదలుపెట్టి తిరగరాయి. నలుగురి పేర్లూ మొదటి పేజీలోనే రావాలి. దసరా లోపల పంపితే నేనే కూర్చుని దిద్దుతాను.

ఉంటాను.