చట్టం – సందేహం: పాటలు ఎక్కించి ఇస్తే కేసు అవుతుందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా తమ్ముడు తన సెల్‌ఫోన్ల దుకాణంలో, వచ్చినవాళ్ల మెమరీ కార్డుల్లోకి, పెన్‌డ్రైవుల్లోకి సినిమా పాటలు ఎక్కించి డబ్బు తీసుకుంటాడు. అమెరికాలో 24 పాటలకే ఒకామె మీద లక్షల డాలర్లు పడ్డాయని చదివాను. మన దగ్గరా అలా జరుగుతుందా?
– ఒక పాఠకురాలు, కడప జిల్లా

జవాబు: మీరు చదివింది నిజమే. అయితే ఆమెపై దావా వేసింది పాటలు విన్నందుకు కాదు, కజా అనే సాఫ్ట్‌వేర్ ద్వారా తన కంప్యూటర్‌లోని పాటలను ఇతరులకు అందుబాటులో ఉంచినందుకు. 2007లో జ్యూరీ పాటకు 9,250 డాలర్ల చొప్పున 2,22,000 డాలర్లు కట్టమంది. ఎవరైనా వాటిని దించుకున్నట్టు రుజువు అక్కర్లేదని జ్యూరీకి తాను చెప్పడం పొరపాటేనని న్యాయమూర్తి గుర్తించి మళ్లీ విచారణకు ఆదేశిస్తే, 2009లో రెండో జ్యూరీ ఏకంగా 19,20,000 డాలర్లు వేసింది. పెనం మీంచి పొయ్యిలో పడటమంటే ఇదే. చివరికి 2012లో అప్పీలు కోర్టు మొదటి మొత్తాన్నే ఖాయం చేసింది. అక్కడి రికార్డింగ్ కంపెనీల సంఘం 2003లో మామూలు జనం మీద మొదలుపెట్టిన ఈ దావాలను, చెడ్డపేరే మిగలడంతో కాబోలు, 2008 చివర్లో ఆపేసింది.

మీ తమ్ముడి విషయంలో చూడవలసింది మన 1957 నాటి కాపీరైట్ చట్టం. తెలిసి హక్కుల్ని ఉల్లంఘించినవారికి 63వ సెక్షన్ ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా చెబుతోంది. వ్యాపార లాభం కోసం చేయని పనైతే కోర్టు కారణాలు రాసి శిక్ష తగ్గించవచ్చు గానీ, డబ్బు పుచ్చుకుంటున్న మీ తమ్ముడికి ఆ వెసులుబాటు దొరకదు. పైగా ఇది బెయిలు హక్కుగా రాని నేరమని, పోలీసులు వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి, ఆ పాటల ప్రతులతోపాటు వాటిని తయారుచేసిన సాధనాలను కూడా 64వ సెక్షన్ కింద స్వాధీనం చేసుకోవచ్చు. అంటే దుకాణంలోని కంప్యూటరూ పోవచ్చు.

పాత పాటలే కదా అనుకోవడానికీ లేదు. రికార్డింగుపై హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు, సాహిత్యంపై హక్కు రచయిత పోయాక కూడా 60 ఏళ్లు నిలుస్తుంది.

ఆయన ఆ పని వెంటనే మానుకోవడం మంచిది. ఈలోగా ఎవరైనా ఫోన్ చేసి, కేసు పెడతామని బెదిరించి డబ్బడిగితే ఇవ్వవద్దు; రాతపూర్వకంగా నోటీసు పంపమని అడిగి, అది అందాక ఒక న్యాయవాదికి చూపించండి.