యానిమేషన్ సిరీస్‌లో విలన్‌ని మొదటిసారి ఎలా చూపిస్తే గుర్తుండిపోతాడు? బలమంతా ముందే చూపించేయాలా?

వద్దండీ. నేను చేసి చెడిపోయాను కాబట్టి చెప్తున్నా.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ముగ్గురు స్నేహితులం కలిసి కోనసీమ పిల్లల కథొకటి సిరీస్‌గా మొదలుపెట్టాం. విలన్ ఒక లంకభూముల కామందు. మొదటి సీన్‌లో ఉరుములు, ఎర్రటి కళ్లు, ఎగిరే కండువా, ఆరు సెకన్ల నవ్వు. సెకనుకు 24 ఫ్రేములు, రెండేసి ఫ్రేములకు ఒక బొమ్మ లెక్కన గీసినా ఆ నవ్వుకే 72 బొమ్మలు! తీరా మా అక్క కూతురికి చూపిస్తే, "ఈయనకి అన్ని పళ్లెందుకున్నాయి?" అంది.

అప్పుడు 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' అనే అమెరికన్ యానిమేషన్ సిరీస్ మళ్లీ చూశాను. అందులో విలన్ అజులా అనే రాకుమారి మొదటి సీజన్‌లో అక్కడక్కడా తళుక్కుమంటుంది, అంతే. 2006లో వచ్చిన రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో, ఓడ కెప్టెన్ ఆటుపోట్ల వల్ల చీకటి పడేలోపు రేవు చేరలేమంటాడు. ఈ ఓడని నడిపేది ఆటుపోట్లా అని అడుగుతుందామె, నెమ్మదిగా. చెమటలు పట్టేది కెప్టెన్‌కి. పోటూ పాటూ చూసుకుని రేవు దాటే ఊళ్లవాళ్లం, ఆ సీన్ నాకు గట్టిగా తగిలింది.

మా సీన్‌ని సఖినేటిపల్లి రేవుకి మార్చాం. పంటు (కార్లు కూడా ఎక్కించి ఏరు దాటించే పెద్ద పడవ) నిండా జనం. దాన్ని నడిపే సరంగు మోకు విప్పబోతూ, ఏటిగట్టు మీద లేచిన దుమ్ము చూసి మళ్లీ కట్టేస్తాడు. ఎందుకని ఎవరూ అడగరు. కబుర్లు ఆగిపోతాయి. బెంచీ మీద ముసలాయన ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడతాడు. అప్పుడు ఎక్కుతుంది కామందు కారు. జ్వరంతో కాలిపోతున్న పిల్లాణ్ణి నర్సాపురం ఆసుపత్రికి తీసుకెళ్తున్న తల్లి కనిపిస్తే, తన గొడుగు తీసి వాడికి తనే నీడ పడతాడు. "త్వరగా పోనివ్వండి బాబూ" అంటుందామె. ఆయన రెండో కారు ఇంకా రావాలి. "కంగారేముందమ్మా, గోదారెక్కడికీ పోదుగా" అంటాడు.

సినిమాల్లో మన గోదావరి మర్యాదనీ మాటతీరునీ కామెడీకే వాడేస్తారు (నాకు ఎప్పటినుంచో మంట). అదే మర్యాద ఇక్కడ వెన్నులో చలి పుట్టించింది. పైగా ఆయన కదలడు, రెప్పలూ పెదాలూ తప్ప. కదిలేది చుట్టూ ఉన్న జనమే. బొమ్మలు సగానికి సగం తగ్గాయి.

ఆయన అలా ఎందుకు తయారయ్యాడన్న కథ మొదటి ఎపిసోడ్‌లో చెప్పకండి, పని చెయ్యదు.

ఈసారి మా మేనకోడలు ఫోన్ పట్టుకుని "పంటు పోనివ్వరేం!" అని అరిచింది. గొడుగు ఆ పిల్లాడి దగ్గరే ఉండిపోయింది కదా, ఐదో ఎపిసోడ్‌లో దాన్ని అడగడానికి కామందు వాళ్లింటికొస్తాడు. అదింకా గీస్తున్నాం.