చలువ అన్నాక గ్రేస్ ఎందుకు?

చెన్నై, టీ నగర్

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ మూడుసార్లు చదివాను. రెండోసారి ఒకచోట కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నాలుగో పేజీలో పనమ్మాయి, తన కూతురికి ఫీజు కట్టిన ఇంటావిడతో "అంతా మీ చలువేనమ్మా" అంటుంది. అక్కడ నాకు ఒళ్ళు జలదరించింది. ఆ పక్క వాక్యంలోనే నువ్వు దూరి "ఆ మాటలో ఎంత గ్రేస్ ఉందో!" అన్నావు. అంతే, ఆమె గొంతు మూగబోయింది.

గ్రేస్‌కి సరైన తెలుగు మాట ఏదని అడిగావు. ఇంగ్లీషులోనే అది ఒక్క మాట కాదమ్మా. లాటిన్‌లో గ్రాతియా అంటే ఇచ్చేవాళ్ళ దయ, పుచ్చుకున్నవాళ్ళ కృతజ్ఞత, రెండూను. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి ఎన్ని ఇళ్ళలో కాపురం పెట్టిందో చూడు. మైలాపూరు సభలో నాట్యం చూసొచ్చినవాళ్ళకి గ్రేస్ అంటే ఒంటి ఒయ్యారం. పరీక్ష రాసిన పిల్లాడికి గట్టెక్కించే నాలుగు మార్కులు. ఎల్ఐసీ ఏజెంటుకి, ఏడాది ప్రీమియం గడువు దాటాక ఇచ్చే 30 రోజులు. నీ కథలో అది తొమ్మిదిసార్లు వచ్చింది. అమ్మమ్మ నడకకీ అదే, క్షమించడానికీ అదే, దేవుడికీ అదే. చదివేవాళ్ళు దేన్ని పట్టుకోవాలి?

అర్థం వెతికే ముందు ఆ మాట ఎవరి నోట్లోదో వెతుకు. నా దగ్గరికి కథ తెచ్చిన ప్రతివాళ్ళకీ ఇదే చెబుతున్నాను, నీకూ ఇదే. అనుగ్రహం పీఠాల్లో తిరిగే మాట. దాని లోపల ఉన్నది పట్టుకోవడం అనే ధాతువు. ఆగ్రహం, నిగ్రహం అక్కడివే. అంటే అనుగ్రహించే చేతికి బిగించడం కూడా తెలుసు. కటాక్షం కడగంటి చూపు. నిండుగా చూడకపోయినా ఓరగా చూస్తే చాలనుకునేవాళ్ళ మాట. తెలుగు బైబిల్లో గ్రేస్‌కి కృప అన్నారు. వేపేరి చర్చి నుంచి వస్తూ ఒకావిడ "దేవుని కృపవల్ల ఆపరేషన్ బాగా జరిగింది" అంటే, ఆమె నోట్లో ఆ మాట ఎంత నిండుగా ఉంటుందో! భారతంలో రెల్లుపొదలో దొరికిన పసివాణ్ణి శంతనుడు జాలిపడి పెంచితే వాడికి కృపుడని పేరొచ్చింది. ఇక దయ. "దయచేయండి" అని లోపలికి పిలుస్తాం, అదే మాట గొంతు మార్చి అని గుమ్మం చూపిస్తాం.

ప్రసాదం దగ్గర నేను త్వరగా కదల్లేను. గూడూరు దగ్గర మా ఊళ్ళో వానలు పడితే చెరువునీళ్ళు ఎర్రగా వచ్చేవి. మా నాయనమ్మ చిల్లగింజని కుండ లోపలి గోడకి గరగరా అరగదీసి, నీళ్ళు పోసి, మూత పెట్టేది. ఇక్కడ తమిళంవాళ్ళు దాన్నే తేత్తాంకొట్టై అంటారు. తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగిపోయేది. కుండ కదపకుండా పైపైన ముంచి ఇచ్చేది, గ్లాసు వెనక ఆమె వేళ్ళు కనిపించేంత తేటగా. ప్రసాదం అంటే మొదట అదే, తేటపడడం. మనసు తేటపడితే ప్రసన్నం, ప్రసన్నుడైన దేవుడు ఇస్తే ప్రసాదం, ఆ తర్వాతే దొన్నెలో పులిహోర. చదవగానే అర్థం తేటగా కనిపించే గుణానికి అలంకారశాస్త్రంలో పేరు కూడా ప్రసాదమే. ఇది తెలిసిన రోజు నాయనమ్మ గుర్తొచ్చి ఏడ్చాను.

నీ పనమ్మాయి మాటకి నిఘంటువు అక్కర్లేదు. మే నెలలో కత్తెర ఎండల్లో పాండీబజారు నుంచి నడిచొచ్చి చెట్టు కింద నిలబడు, చలువంటే తెలుస్తుంది. అది నీడ పొందినవాళ్ళు అనాల్సిన మాట. అదే ఇంటావిడ "నా చలువవల్లే నీ కూతురు చదువుతోంది" అంటే దెప్పిపొడుపు అవుతుంది.

1978లో నేను రాయపేటలో ఒక పత్రికలో ప్రూఫులు దిద్దేదాన్ని. నా రెండో కథ అందులోనే పడింది. లారీ నీళ్ళు మోసి బతికే ఆవిడ "మీ చలువమ్మా" అంటుంది అందులో. ఎడిటరు ఎర్ర సిరాతో అది కొట్టేసి "మీ అనుగ్రహము వలన" అని రాశాడు. పత్రికకి ఒక స్థాయి ఉండాలన్నాడు. ఆ ప్రూఫు నా బల్ల మీదికే వచ్చింది. ఉద్యోగం పోతుందని భయపడి అలాగే వదిలేశాను. ఆ సంచిక ఇంట్లో ఉంచుకోలేదు, ఇప్పటికీ ఆ వాక్యం నన్ను పొడుస్తుంది. ఇప్పటి ఎడిటర్లు అనుగ్రహం అనరులే, వైబ్ అంటారు. ఎర్ర సిరా మారింది, నీళ్ళావిడ నోరు మాత్రం అప్పుడూ నొక్కారు, ఇప్పుడూ నొక్కుతున్నారు.

పన్నెండేళ్ళ తర్వాత అక్కడ మానేసినప్పుడు యజమాని గ్రాట్యుటీ చెక్కు ఇస్తూ "మా దయ అనుకోండి" అన్నాడు. గ్రాట్యుటీ కూడా ఆ గ్రాతియా వంశమే. కానీ 1972లో చట్టం వచ్చాక అది దయ కాదు, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున నాకు రావాల్సిన డబ్బు. "దయ కాదండీ, నా కష్టం" అన్నాను. ఆ గదిలో నేను గొంతెత్తి మాట్లాడింది అదొక్కసారే.

కలంపేరు గురించి కూడా అడిగావు, ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు నాలుగో పేజీ తియ్యి. "మీ చలువేనమ్మా" అన్న తర్వాత ఆ ఇంటావిడ ఏం చేసిందో నువ్వు రాయనే లేదు. సిగ్గుపడిందా? వినపడనట్టు కాఫీ గ్లాసు కడుక్కుందా? తలుపు దాకా వెళ్ళి సాగనంపిందా? గ్రేస్ వాక్యం కొట్టేసి అక్కడ అది రాయి. రాసి, ఆ ఒక్క పేజీ నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మలాంటి దాన్ని