ఆ మాత్ర మొదలుపెట్టే ముందు

చెల్లీ,

నిన్న ఫోన్‌లో "హార్మోన్ టెస్టు అయిపోయిందక్కా, పాజిటివ్ అట, రొమ్ము క్యాన్సర్‌కు నువ్వు వేసుకున్న లెట్రోజోల్ మాత్రే నాకూ రాస్తారట" అన్నావు. రాత్రంతా అదే ఆలోచన. హార్మోన్ టెస్టు అనేవి రెండున్నాయే. నీకు అయింది ఒకటే.

అది గడ్డ ముక్క మీద చేసేది. రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 అని ఉంటాయి చూడు. ఈఆర్, పీఆర్ అంటే గడ్డ కణాల్లో ఆడ హార్మోన్లను పట్టుకునే గ్రాహకాలు, హెర్2 అంటే గడ్డను పెంచే ఒక ప్రొటీన్. గడ్డ ఈస్ట్రోజన్ మీద బతికే రకమా కాదా అన్నది ఈఆర్, పీఆర్‌లలో తెలుస్తుంది. ఉత్త 'పాజిటివ్'తో ఊరుకోకు, ఎంత శాతమో చూడు. 1 శాతం కణాల్లో కనబడ్డా పాజిటివే, 90 శాతమైనా పాజిటివే. మాత్ర పనితీరు మాత్రం ఇద్దరిలో ఒకేలా ఉండదు. హెర్2 దగ్గర 2+ అని ఉంటే, ఆ జన్యువును లెక్కచూసే ఫిష్ టెస్టు అయ్యేదాకా హెర్2 సంగతి తేలనట్టే.

రెండోది రక్తపరీక్ష. నీకు 48. నీ నెలసరి ఆగింది కీమో వల్ల. అండాశయాలు కొన్నాళ్లు నిద్రపోయి, నెలల తర్వాత మళ్లీ లేవొచ్చు. లెట్రోజోల్ పనిచేసేది అవి పూర్తిగా ఆగిపోయిన ఒంట్లో. కొవ్వులో, కండలో తయారయ్యే ఈస్ట్రోజన్‌ను అది తగ్గిస్తుంది. అండాశయాలు ఇంకా పనిచేస్తుంటే వాటిని రెచ్చగొట్టినా గొట్టొచ్చు. నాకు జబ్బు వచ్చేటప్పటికి 61. ముట్లుడిగి పదేళ్లు దాటింది, కాబట్టి నాకా రక్తపరీక్షతో పని పడలేదు. నీకు పడుతుంది. అండాశయాలు పనిచేస్తున్నాయో లేదో చెప్పే హార్మోన్లు ఎస్ట్రాడియాల్, ఎఫ్‌ఎస్‌హెచ్ చూస్తారా అని డాక్టరమ్మను అడుగు. తర్వాత కూడా మధ్యమధ్యలో చూడాలేమో అడుగు. ముట్లుడగని వాళ్లకూ ఇచ్చే టామోక్సిఫెన్ మాత్రతో మొదలుపెట్టాలా, అండాశయాలను ఆపే ఇంజెక్షన్ కూడా ఇవ్వాలా అన్నది ఆవిడ నిర్ణయిస్తుంది. మాత్ర మొదలయ్యాక మళ్లీ నెలసరిలా రక్తం కనబడితే మాత్రం ఆ రోజే ఫోన్ చెయ్యి. ఒంట్లో బాగుపడుతోందని సంబరపడకు.

అన్నట్టు, జుట్టు కోసం బయోటిన్ విటమిన్ మాత్రలు వేసుకుంటున్నావుగా? దానివల్ల ఈ రక్తపరీక్షలు తప్పుగా రావచ్చు. ల్యాబ్ వాళ్లకు ముందే చెప్పు, ఎన్నిరోజులు ఆపాలో కనుక్కో.

లెట్రోజోలే రాస్తే, మొదలుపెట్టే ముందు ఎముకల గట్టితనం చూసే డెక్సా స్కాన్ గురించి అడుగు. ఆ మాత్రతో ఎముకలు పలచబడతాయి. కీళ్లనొప్పులు నన్ను ఏడిపించాయి, పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకునేవి కావు. ఎవరికీ చెప్పకుండా ఇరవై రోజులు మాత్ర మానేశాను. బుద్ధి తక్కువ పని. చెప్పాక తిట్లు తిన్నాననుకో, కానీ అదే కోవకు చెందిన ఎక్సెమెస్టేన్ మాత్రకు మార్చారు, నాకు అది పడింది. నా పక్కింటావిడకు అదే పడలేదు. నా చీటీ చూసి నువ్వు మాత్ర కొనుక్కోకు.

ఇవాళే బయాప్సీ రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో పెట్టు. డిశ్చార్జి సమ్మరీ కాదు, అసలు రిపోర్టు. బుధవారం ఓపీకి నేనూ వస్తాను. ఫైలూ, వేసుకునే మాత్రల పట్టీలన్నీ ఒకే సంచిలో పెట్టుకో, ఆ బయోటిన్ డబ్బాతో సహా.

అక్క