నీ గురించి నువ్వు చెప్పుకునే ఆ రెండు నిమిషాలు

చిరంజీవి అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు. సోమవారం బెంగళూరులో కొత్త టీమ్ ముందు చెప్పడానికి నువ్వు రాసుకున్న పరిచయం చదివాను. "నేను ఫుల్ స్టాక్ డెవలపర్‌ని. ఖగోళశాస్త్రం, కర్ణాటక సంగీతం, భాషాశాస్త్రం, తత్వశాస్త్రం, చదరంగం, ట్రెక్కింగ్ అంటే ఆసక్తి" అని రాశావు. ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదని నాకు తెలుసు. కానీ నిన్ను ఎరగనివాళ్లకి ఈ వరుసలో నువ్వు దొరకవు. ఇవే పేర్లు ఇంకెవరైనా చెప్పొచ్చు. నేను చాలా ఏళ్లు ఇంటర్వ్యూలు చేశాను. హాబీల జాబితా చదివి వెళ్లిపోయినవాళ్లు సాయంత్రానికే గుర్తుండేవాళ్లు కారు. "ఇదిగో, ఈ పని మొదలుపెట్టాను, ఇక్కడ చిక్కుపడింది" అన్నవాళ్లు మాత్రం ఇప్పటికీ గుర్తున్నారు.

కాబట్టి ఆ ఆరింటి జాబితా బదులు ఒక్కదాన్నే ముందు పెట్టు. ఆ ఒక్కటి ఛందస్సు ప్రోగ్రాం కావాలి. అసలు దాన్ని నువ్వు ఎక్కడా రాయకపోవడమే నాకు ఆశ్చర్యం! అమ్మమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్న పద్యాలకి గురులఘువులు కంప్యూటర్ చేత గుర్తింపజేయాలని నువ్వు పడ్డ తంటాలన్నీ నాకు ఫోన్లో చెప్పావు కదా. 'భాషాశాస్త్రంలో ఆసక్తి' అనే మాట కంటే అది వంద రెట్లు బరువైనది.

దాన్ని ఎలా చెప్పాలో కూడా రాస్తాను. ఉత్పలమాల గణాలతో మొదలుపెట్టకు, తెలుగు రానివాళ్లు అక్కడే ఆగిపోతారు. 'స్త్రీ' అన్న మాటతో మొదలుపెట్టు. మన కంటికి, నోటికి అది ఒక్క అక్షరం. కంప్యూటర్లు అక్షరాలకి వాడే సంకేతాల పట్టిక యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు సంకేతాలు. వాటిని యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచితే 18 బైట్లు. పొడవెంత అని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషని అడిగితే 6 అంటుంది. పద్యపాదంలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టాలంటే ముందు ఆ ఆరింటినీ ఒకటిగా కలపడం ప్రోగ్రాంకి నేర్పాలి. ఇంత చెబితే చాలు. మీ టీమ్‌లో కన్నడంవాళ్లు ఉంటారు, వాళ్ల ఒత్తులదీ ఇదే కథ. హిందీవాళ్లదీ అంతే. వాళ్ల పేర్లలోనే ఇలాంటి అక్షరాలుంటాయి. ఎవరో ఒకరు తప్పకుండా "అయితే మా పేరు ఎన్ని సంకేతాలవుతుంది?" అని అడుగుతారు.

అలా అడిగినవాళ్లకి మిగతాది చెప్పు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుంది కాబట్టి ప్రోగ్రాం ఒక అక్షరం ముందుకి చూడాల్సి వస్తుందని చెప్పు. ఇంకా ఉత్సాహం చూపిస్తే యమాతారాజభానసలగం సంగతి విప్పు. ఒక్కో అక్షరం జరుగుతూ మూడేసి అక్షరాలు తీసుకుంటూ వెళ్తే య, మ, త, ర, జ, భ, న, స గణాలు ఎనిమిదీ ఆ పది అక్షరాల్లోనే వచ్చేస్తాయి. గురువుని 1 అని, లఘువుని 0 అని రాస్తే 0111010001. మూడు బిట్లతో వచ్చే ఎనిమిది కలయికలూ ఒక్కోసారి మాత్రమే కనిపిస్తాయి. దీన్నే ఇప్పటి గణితంవాళ్లు డిబ్రూయిన్ వరుస అంటారు. మన పిల్లలు పద్యం నేర్చుకోవడానికి వల్లె వేసే మాటలో ఇంత ఉంది. తెలిసినవాళ్లు ఎదురైతే గంట సేపు మాట్లాడుకోవచ్చు, కానీ అడిగాకే. పరిచయంలో పావు వంతు చెప్పి ముప్పావు వంతు దాచుకోవాలి.

ఇక 'ఫుల్ స్టాక్ డెవలపర్' దగ్గరికి వద్దాం. ఆ గదిలో ఉన్నవాళ్లంతా డెవలపర్లే కదా, అది చెబితే వాళ్లకి కొత్తగా తెలిసేదేముంది? "ఇంతకుముందు ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల భాగం చూసేదాన్ని. నెట్‌వర్క్ తెగిపోయి మళ్లీ పంపినా అదే క్లెయిమ్ రెండుసార్లు నమోదు కాకుండా చూసుకోవడం నా పని" అని చెప్పు. నువ్వు ఏ రకం సమస్యలతో కుస్తీ పట్టావో తెలిస్తే, అలాంటిది వచ్చినప్పుడు నీ దగ్గరికే వస్తారు.

"ఇన్ని ఆసక్తులు చెబితే నిలకడ లేనిదాన్ని అనుకుంటారేమో" అని చివర్లో రాశావు. ఆ టెన్షన్ అక్కర్లేదు. ఈ రంగంలో గొప్ప పనులు చేసినవాళ్లని చూడు. 1987లో పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషని విడుదల చేసిన లారీ వాల్ చదువుకున్నది భాషాశాస్త్రం. మనుషులు ఒకే సంగతిని ఎన్నో రకాలుగా చెప్పుకున్నట్టు ప్రోగ్రాంలోనూ చెప్పే వీలుండాలని పట్టుపట్టాడు. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ 1977లో తన పుస్తకం కొత్త ముద్రణ ప్రూఫులు చూసి, అక్షరాలు అంత అసహ్యంగా అచ్చవడం భరించలేక అచ్చు పేజీలు కూర్చే 'టెక్' అనే ప్రోగ్రాం తయారు చెయ్యడానికి కూర్చున్నాడు. గణితం పేపర్లు ఇవాళ్టికీ చాలావరకు దాంతోనే ముస్తాబవుతాయి. ఆయన ఇంట్లో పైప్ ఆర్గన్ (గొట్టాల్లోంచి గాలితో మోగే పెద్ద వాద్యం) కూడా ఉంది, వాయిస్తాడు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయని రాసిన లీనస్ టోర్వాల్డ్స్‌కి స్కూబా డైవింగ్ పిచ్చి. నీళ్లలోకి దిగిన వివరాలు రాసుకోవడానికి 2011లో సబ్‌సర్ఫేస్ అనే ప్రోగ్రాం మొదలుపెట్టాడు. వీళ్ల ఆసక్తులు వాళ్ల పనికి అడ్డం రాలేదు సరికదా, పనిలోకే వచ్చి కూర్చున్నాయి. నీ ఛందస్సు ప్రోగ్రాం కూడా ఆ కోవలోదే. అందుకే దాన్ని ముందు పెట్టమంటున్నాను.

మిగిలిన వాటి విషయంలో ఒక్క జాగ్రత్త. ఎంత తెలుసో అంతే చెప్పు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. 'కర్ణాటక సంగీతం' అని ఊరుకుంటే నువ్వు పాడతావనుకుంటారు, ఆ టీమ్‌లో నిజంగా పాడే మనిషి ఉండొచ్చు. "పాడను, బాగా వింటాను. కల్యాణి, శంకరాభరణం రాగాలు మధ్యమ స్వరం దగ్గర విడిపోవడం ఇప్పుడిప్పుడే చెవికి తెలుస్తోంది" అంటే ఆ మనిషే నీకు నాలుగు కచేరీలు చెబుతుంది. నక్షత్రాల సంగతి కూడా అంతే. డాబా మీద బైనాక్యులర్స్‌తో గురుగ్రహం పక్కన నాలుగు చందమామలు చూసి, రాత్రికి రాత్రి అవి చోటు మారడం నోట్‌బుక్‌లో చుక్కలుగా గీసుకున్నావే, అది చెప్పు. వాటిలో అన్నిటికన్నా లోపలిదైన అయో దాదాపు నలభై రెండున్నర గంటల్లో చుట్టు తిరిగేస్తుందని ఆ బొమ్మల్లో నువ్వే చూశావు. ఖగోళశాస్త్రం అనే పెద్ద మాట కంటే ఆ నోట్‌బుక్ ముద్దుగా ఉంటుంది. తత్వశాస్త్రం మాత్రం ప్రస్తుతానికి వదిలెయ్. చదువుతున్నావు, మంచిదే, కానీ రెండు నిమిషాల్లో దాని గురించి ఏం చెప్పినా పైపైనే ఉంటుంది.

పెళ్లిళ్లలో మన పెద్దవాళ్లు "ఏం చేస్తున్నావమ్మా?" అంటే ఏం చెప్పాలో తెలియట్లేదని కూడా రాశావు. సాఫ్ట్‌వేర్ అనగానే కంపెనీ పేరు, ప్యాకేజీ అడుగుతారని విసుక్కోకు. వాళ్లకి అడగడానికి మనం ఇంకేమీ ఇవ్వట్లేదు మరి. "తాతయ్యా, ఆసుపత్రిలో చేరితే ఇన్సూరెన్స్ డబ్బులు వస్తాయి చూడండి, ఆ లెక్క తప్పకుండా చూసే పని చేశాను" అను. ఆయన పోయినేడు కంటి ఆపరేషన్‌కి ఎన్ని కాగితాలు పట్టుకు తిరిగాడో చెబుతాడు, అది విను, నీ పనికీ పనికొస్తుంది. పద్యాల ప్రోగ్రాం గురించి చెప్పావంటే అక్కడికక్కడే ఒక పద్యం అందుకుని "ఇది ఏ వృత్తమో చెప్పమను మీ కంప్యూటర్ని" అంటాడు.

అక్షరం పొల్లుపోకుండా బట్టీ మాత్రం పట్టకు. ముందు తెలుగులో గట్టిగా చెప్పి చూసుకో. నీ కథ నీకు తెలుగులో సాఫీగా వస్తే ఇంగ్లీషులో తడబడవు. నీ వంతు అయ్యాక "హమ్మయ్య" అనుకుని ఫోన్ తియ్యకు. తర్వాత మాట్లాడేవాళ్లలో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో సంగతి పట్టుకో. ఎవరో బైక్ మీద కూర్గ్ వెళ్లామంటారు, ఎవరో పిచ్చుకలకి గూళ్లు కడతామంటారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్లనే అడుగు, ఆ గూడు దేనితో కడతారు, ఎంత ఎత్తులో పెడతారు అని. నీకు సహజంగానే అన్నిటి మీదా ఉన్న కుతూహలం నిజంగా కనపడేది అక్కడ.

ఇవన్నీ పెట్టి మళ్లీ రాయి. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేసి చదివి వినిపించు, అత్తయ్య కూడా వింటానంటోంది. ఆమెకి ప్రోగ్రామింగ్ తెలియదు కాబట్టి ఎక్కడ అర్థం కాలేదో సరిగ్గా చెబుతుంది.

ఉంటాను,
మావయ్య