సంచుల ఫ్యాక్టరీలో ఎంబీఏ అమ్మాయికి ఏం పని?

ప్రశ్న: మాది పరకాల. ఎరువుల దుకాణం నడుపుతాను. మా అమ్మాయి హనుమకొండలో ఎంబీఏ మొదటి సంవత్సరం పూర్తి చేసింది. మడికొండ వైపు ప్లాస్టిక్ సంచులు తయారుచేసే ఫ్యాక్టరీలో మే, జూన్‌లలో ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్ దొరికింది. స్టైపెండ్ లేదు. ‘ఇన్వెంటరీ మీద ప్రాజెక్టు చేసుకో’ అన్నారట. హైదరాబాద్‌లో ఒక సంస్థ 12 వేలు కడితే ఇంటి దగ్గర నుంచే మార్కెటింగ్ ఇంటర్న్‌షిప్ చేయించి సర్టిఫికెట్ ఇస్తామంటోంది. దుమ్ములో, మోతలో ఆడపిల్లను పంపడానికి మనసొప్పడం లేదు. ఏది మేలు?

జవాబు: ఫ్యాక్టరీకే పంపండి. 12 వేలు మీ దగ్గరే ఉంచుకోండి. డబ్బు కట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తేలిపోతుంది. ‘ఎనిమిది వారాలు ఏం చేశావమ్మా’ అన్నదానికి ఏదో ఒకటి చెప్పొచ్చు. ‘నువ్వు చూసిన లెక్కలో ఏది తప్పింది, ఎందుకు తప్పింది’ అన్నదానికి పని చేసినవాళ్లే జవాబు చెప్పగలరు. మీ అమ్మాయికి ఆ జవాబు సంపాదించే చోటు దొరికింది. అయితే ఫ్యాక్టరీ గేటు దాటినంత మాత్రాన అది రాదు. కింద రాసింది ఆమెతో కలిసి చదవండి.

ఈ సరుకు మీకు కొత్తది కాదు. 2018లో యూరియా బస్తా 50 కిలోల నుంచి 45కు దిగినప్పుడు మీ దుకాణంలో లెక్కలన్నీ మారాయి కదా. ఆ యూరియా వచ్చేది ఇలాంటి సంచిలోనే. బియ్యం మిల్లులు, దాణా, విత్తనాల కంపెనీలు కొనేదీ ఇదే. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యంపై 5 శాతం జీఎస్టీ వచ్చాక చాలా మిల్లులు 26 కిలోల సంచికి మారాయి. పాత కొలతకు బ్రాండు పేరుతో అచ్చువేసిన సంచి అలాంటప్పుడు ఇంకొకరికి పనికిరాదు. ‘ఇన్వెంటరీ’ అంటే పుస్తకంలో సూత్రం కాదు, గోడౌన్ మూలన అలా మిగిలిపోయే బేళ్లు (సంచుల కట్టలు) కూడా అని ఆమెకు అక్కడే తెలుస్తుంది.

కాలం కూడా కలిసొచ్చింది. మన దగ్గర ఎండాకాలం ఇంటర్న్‌షిప్‌కు పత్తి జిన్నింగ్ మిల్లుకు వెళ్తే చాలాచోట్ల యంత్రాలు ఆగి ఉంటాయి, ఎందుకంటే పత్తి సీజను అక్టోబర్‌లో మొదలై ఎండలు ముదిరేసరికి సన్నగిల్లుతుంది. సంచుల ఫ్యాక్టరీకి మాత్రం ఇది పని ఉండే సమయం. యాసంగి ధాన్యం మిల్లులకు చేరుతుంటుంది, వానకాలం కోసం ఎరువులు, విత్తనాల ప్యాకింగ్ నడుస్తుంటుంది. ధాన్యం కొనే ఐకేపీ సెంటర్లలో మాత్రం ఎక్కువగా కనిపించేవి గోనె సంచులే. ఆహారధాన్యాలకు జనపనార సంచులు వాడాలన్న 1987 నాటి చట్టం దానికి మూలం. అందుకే ఈ ఫ్యాక్టరీ ఖాతాదారులు ఎవరో ఆమె మొదట తెలుసుకోవాలి.

ఇక ప్రాజెక్టు. ‘ఎ స్టడీ ఆన్ ఇన్వెంటరీ మేనేజ్‌మెంట్’ అని పేరు పెట్టి, ఐదేళ్ల బ్యాలెన్స్ షీట్ నుంచి నాలుగు రేషియోలు తీసి, సరుకును విలువనుబట్టి మూడు తరగతులు చేసే ఏబీసీ అనాలిసిస్ అంటించిన రిపోర్టులు కాలేజీ లైబ్రరీలో వరసగా ఉంటాయి. వాటికోసం ఫ్యాక్టరీకి వెళ్లనక్కరలేదు. ఆమె ఒకే ఒక్క చిన్న ప్రశ్న పట్టుకోవాలి, దానికి జవాబు గ్రాముల్లో, రూపాయల్లో రావాలి. నేనైతే ఇది ఇస్తాను: ‘సంచి ఉండాల్సిన బరువే ఉందా? లేకపోతే ఎందుకు లేదు?’

మొదటి వారం నోట్‌బుక్కుతో సరుకు వెంట నడవాలి. పీపీ దానా, అంటే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ గుళికలు, 25 కిలోల బస్తాల్లో వస్తుంది. అందులో ఫిల్లర్ (సుద్ద కలిసిన గుళికలు) కలిపి టేప్ ప్లాంటులో కరిగించి, పలుచని పొరగా తీసి, బ్లేళ్లతో చీల్చి, సాగదీసి టేపు చేస్తారు. టేపు బాబిన్లకు (కండెలకు) చుట్టుకుంటుంది. బాబిన్లు గుండ్రటి లూములకు (మగ్గాలకు) ఎక్కితే, అవి టేపును గొట్టంలాంటి గుడ్డగా నేస్తాయి. గుడ్డ రోలవుతుంది. తర్వాత అవసరాన్నిబట్టి లామినేషన్, ప్రింటింగ్, ఆపైన కటింగ్, కుట్టు, బేలు. ప్రతి అంచెలో ఎంత బరువు లోపలికి పోయింది, ఎంత బయటికి వచ్చింది, ఎవరు ఏ రిజిస్టరులో రాస్తున్నారు అన్నది చూడాలి. ట్యాలీలో ఉన్న స్టాకుకూ షిఫ్టు సూపర్‌వైజరు రాసిన దానికీ తేడా కనిపిస్తే వెంటనే ఎవరినీ అడగొద్దు, తారీఖు వేసి రాసుకుంటే చాలు.

రెండో వారం నుంచి తూకం. ముందు లెక్క ప్రకారం ఎంత ఉండాలో తేలాలి. టేపు మందాన్ని డెనియర్‌లో చెబుతారు, అంటే 9,000 మీటర్ల టేపు బరువు గ్రాముల్లో. 90 మీటర్లు తూచి వందతో గుణిస్తే సరిపోతుంది. ఉదాహరణకు 900 డెనియర్ టేపుతో అంగుళానికి నిలువు 10, అడ్డం 10 చొప్పున నేసిన గుడ్డ తీసుకుందాం. నిలువు, అడ్డం కలిపితే 20. దాన్ని 900తో గుణించి, అంగుళాల లెక్కను చదరపు మీటరుకు మార్చే 228.6తో భాగిస్తే చదరపు మీటరుకు 78.7 గ్రాములు. సంచి వెడల్పు 55 సెంటీమీటర్లు, మడతతో కలిపి కోత పొడవు 90 అనుకుంటే రెండు వైపులూ కలిపి 0.99 చదరపు మీటర్లు. కుట్టు దారం కాకుండా, లామినేషన్ లేని సంచికి దాదాపు 78 గ్రాములు రావాలి.

అదే టేపు 940 డెనియర్‌తో నడిస్తే సంచి 81.4 గ్రాములవుతుంది. మూడున్నర గ్రాములు చేతికి తెలియదు, కంటికి కనిపించదు. రోజుకు 20,000 సంచులు కుడితే అది 70 కిలోల దానా. కిలో 100 రూపాయలనుకున్నా రోజుకు 7,000, నెలకు 25 రోజులు లెక్కేస్తే లక్షా 75 వేలు. అయితే ఈ అంకె యజమానికి చెప్పేముందు సరుకు కిలో లెక్కన అమ్ముతున్నారా, సంచి లెక్కన అమ్ముతున్నారా అని తప్పకుండా అడగాలి. కిలో లెక్కన అయితే ఎక్కువ బరువు బిల్లులో తిరిగొస్తుంది, సంచి లెక్కన అయితేనే నష్టం. ఇది అడగకుండా లక్షల లెక్క చెప్పిన విద్యార్థి మాట ఆ తర్వాత ఎవరూ వినరు.

తూకంలో తప్పులు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. బేలు పైనుంచి పది సంచులు తీసి తూచడం అందరూ చేసే పొరపాటు. ఆ పదీ ఒకే రోలువి, ఒకే లూముమీద నేసినవి కావచ్చు. సంచి కుట్టాక అది ఏ లూముదో తెలియదు కాబట్టి రోలు దగ్గరే పట్టుకోవాలి. లూము మీటరు చూపే పొడవు, రోలు బరువు, లూము నంబరు రాసుకుని, రోలు లోపలి పైపు బరువు తీసేసి, మీటరుకు ఎన్ని గ్రాములో కట్టాలి. పై కొలతకు మీటరుకు దాదాపు 86.6 గ్రాములు రావాలి. బాబిన్లు తూచినప్పుడు ఖాళీ బాబిన్ బరువు తీసేయడం మరిచిపోతారు. తూకం మిషను కూడా తెలిసిన బరువుతో రోజూ ఒకసారి సరిచూడాలి. మూడు షిఫ్టులలోంచీ నమూనాలు రావాలి, కానీ అందుకు ఆమె రాత్రి ఉండనక్కరలేదు. రాత్రి షిఫ్టు రోళ్లను తూచకుండా పక్కన పెట్టించి పొద్దున తూచుకోవచ్చు. వేస్టు లెక్కలో మరో చిక్కు ఉంది. తెగిన టేపు, కటింగ్ ముక్కలు మళ్లీ కరిగించి దానా చేస్తారు. ఆ దానాను కొత్త దానాతో కలిపి ‘వాడకం’ అని రాస్తే ఒకే కిలో రెండుసార్లు లెక్కకొస్తుంది. కరెంటు పోయి టేప్ లైను ఆగితే, మళ్లీ టేపు దారిలో పడేదాకా వచ్చేదంతా వేస్టే. కరెంటు పోయిన సమయాలు పక్కనే రాసుకోకపోతే ఆ రోజు అంకె అర్థం కాదు.

అసలు ప్రాజెక్టు ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఎక్కువ బరువు దొరికిందనుకోండి, యజమాని ‘అది మాకు తెలుసమ్మా’ అనవచ్చు. నిరాశపడొద్దు. తెలిసీ ఎందుకు సరిచేయలేదో అడగాలి. టేపు పలుచనైతే లూముమీద ఎక్కువసార్లు తెగుతుంది. తెగిన ప్రతిసారీ లూము ఆగుతుంది. లూము ఆపరేటరుకు మీటర్ల లెక్కన కూలి ఉంటే మందం టేపే అతనికి కావాలి. టేప్ ప్లాంటు మనిషి లూముల వాళ్ల గొడవ పడలేక కాస్త మందంగానే వదులుతాడు. ఎవరి తప్పూ లేకుండానే మూడున్నర గ్రాములు సంచిలోకి వచ్చి చేరతాయి.

అప్పుడు కొలవాల్సింది రెండో వైపు. ప్లాంట్ మేనేజరు ఒప్పుకుంటే రెండు లూముల్లో ఒక షిఫ్టు 900 టేపు, మరుసటి రోజు అవే లూముల్లో అదే షిఫ్టు 940 టేపు నడిపించి, గంటకు ఎన్నిసార్లు తెగిందో, ప్రతిసారీ ఎన్ని నిమిషాలు ఆగిందో రాయాలి. పలుచని టేపుతో గంటకు రెండు తెగడాలు పెరిగి, ఒక్కోదానికి మూడు నిమిషాలు పడితే, గంటలో ఆరు నిమిషాలు పోయినట్టు. అంటే ఉత్పత్తిలో పదో వంతు. దానాలో మిగిలేది మాత్రం నాలుగు శాతం చిల్లర. ఆర్డర్లు నిండుగా ఉన్న మే నెలలో మందం టేపే లాభం కావచ్చు, ఆర్డర్లు తగ్గి లూములు ఖాళీగా ఉండే నెలలో లెక్క తిరగబడుతుంది. ఈ మాట అంకెలతో చెప్పగలిగితే అదే మేనేజ్‌మెంట్. ఇంకో అడుగు వేయగలిగితే టేపు ఎందుకు తెగుతోందో చూడాలి: ఫిల్లర్ ఎక్కువైందా, తిరిగి కరిగించిన దానా వాటా పెరిగిందా, చీల్చే బ్లేళ్లు మొద్దుబారాయా, కరిగిన ప్లాస్టిక్‌ను వడకట్టే జాలీ మూసుకుపోయిందా. కారణం సరిచేస్తే దానాలో పొదుపు, ఉత్పత్తి రెండూ దక్కుతాయి. నమూనా చిన్నదని, రెండు లూముల మాటే అని రిపోర్టులో స్పష్టంగా రాయాలి.

ఆమె స్పెషలైజేషన్ ఫైనాన్స్ అయితే బాకీల వైపు వెళ్లొచ్చు. బిల్లు తేదీ నుంచి డబ్బు చేతికొచ్చిన రోజు దాకా ఒక్కో మిల్లుకు ఎన్ని రోజులో లెక్క తీయడం. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఫ్యాక్టరీకి ఉద్యమ్ నమోదు ఉందా, ఆ నంబరు బిల్లుమీద వేస్తున్నారా అన్నదే మొదట చూడాల్సింది.

మనుషుల సంగతి ముఖ్యం. కొత్తగా వచ్చిన అమ్మాయి నోట్‌బుక్కు పట్టుకుని లూముల మధ్య తిరిగితే ఆపరేటర్లు తమమీద ఫిర్యాదు రాస్తోందనుకుంటారు. ఏం కొలుస్తోందో మొదటి రోజే చెప్పాలి. కాగితంమీద లూము నంబరే ఉండాలి, మనిషి పేరు ఉండకూడదు. ఇలాంటి చోట్ల బయటి రాష్ట్రాల పనివాళ్లు చాలామంది ఉంటారు, అంకెలు హిందీలో తడుముకోకుండా చెప్పగలిగితే సగం పని సులువవుతుంది. రిపోర్టు కాలేజీకి పోయేముందు ప్లాంట్ మేనేజరుకు చూపించాలి. ఖాతాదారుల పేర్లు, ధరలు బయటపెట్టకూడదు.

మీ భయం గురించి. దుమ్ముకన్నా వేడి, మోత ఎక్కువ. కాటన్ బట్టలు, వేళ్లు కప్పే బూట్లు, చెవులకు ప్లగ్గులు ఉండాలి. చున్నీ వద్దు, జడ ముడి వేసుకోవాలి, తిరిగే లూము దగ్గర వదులుగా ఏదీ వేలాడకూడదు. చేరేముందు మీరు ఒక్కసారి వెళ్లి చూసి రండి. ఆడవాళ్లకు వేరే టాయిలెట్ ఉందా, జనరల్ షిఫ్టు ఎన్నింటికి వదులుతారు, ఆ వేళకు హనుమకొండ బస్సు దొరుకుతుందా చూడండి. పది మంది, ఆపైన పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, ఆ రక్షణ ట్రైనీలకూ వర్తిస్తుంది. కమిటీలో ఎవరున్నారని అడగడానికి మొహమాటపడకండి. కంపెనీ లెటర్‌హెడ్ మీద తేదీలు, విభాగం, గైడ్ పేరు ఉన్న ఉత్తరం తీసుకోండి. స్టైపెండ్ లేకపోయినా క్యాంటీన్ భోజనం, బస్సు ఖర్చు అడగొచ్చు, చాలామంది కాదనరు.

రెజ్యూమెలో చివరికి ఒక వాక్యం చాలు: ‘ఆరు లూముల్లో 180 రోళ్లు తూచి, సంచి బరువులో తేడాకు కారణాలు, వాటి ఖర్చు లెక్కగట్టాను.’ అంకెలు మాత్రం ఆమె నిజంగా తూచినవే ఉండాలి.

చేరడానికి ఇంకా వారం ఉంది కాబట్టి దుకాణంలోనే మొదలుపెట్టించండి. వేరు వేరు కంపెనీల ఖాళీ సంచులు ఐదైదు తెచ్చి, లోపల ప్లాస్టిక్ కవరు ఉంటే తీసేసి, మట్టి దులిపి, కిరాణా దుకాణాల్లో ఉండే చిన్న తూకంమీద ఒక్కొక్కటీ వేయమనండి. స్కేలు పెట్టి అంగుళంలో నిలువు ఎన్ని టేపులో, అడ్డం ఎన్నో లెక్కపెట్టమనండి. ఒకే కంపెనీ సంచులు ఐదింటి బరువులూ ఎంత తేడాతో ఉన్నాయో ఒక కాగితంమీద రాసుకుని, మొదటి రోజు ఆ కాగితం జేబులో పెట్టుకుని గేటు లోపలికి వెళ్లమనండి.