రాత్రి డ్యూటీ అబ్బాయి దగ్గరికొస్తే అమ్మ అరుస్తోంది.. మత్తు మందు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. అల్జీమర్స్ ఉంది. ఆరు నెలలుగా హైదరాబాద్‌లో ఒక కేర్ హోమ్‌లో ఉంటోంది. పగలు ఆయాల దగ్గర బాగానే ఉంటుంది. రాత్రి డ్యూటీ అబ్బాయి డైపర్ మార్చబోతే అరుస్తోంది, గిచ్చుతోంది. మొన్న కొరికింది. మత్తు మందు రాయించమని హోమ్ వాళ్లు అంటున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: తొందరపడకండి. పగలు ఆయాల దగ్గర లేని గొడవ రాత్రి ఆ అబ్బాయి దగ్గరే వస్తోందని మీరే రాశారు. అల్జీమర్స్‌లో కొత్త సంగతులు ముందు చెరిగిపోతాయి. చిన్నప్పటి నుంచీ ఒంటబట్టిన సిగ్గు, బిడియం అంత త్వరగా పోవు. అతను అటెండెంట్ అని ఆవిడకు గుర్తుండదు. నిద్రలో ఉండగా ఎవరో మగమనిషి దుప్పటి లాగి బట్టలు పైకెత్తుతున్నాడు, ఆవిడకు తెలిసేది అంతే. ఎవరైనా కొరుకుతారు! కేస్ షీట్‌లో మాత్రం 'వయొలెంట్' అని ఎక్కుతుంది.

స్నానం, డైపర్ పనులు ఆయాలే చూడాలని మేనేజర్‌ని అడగండి. రాత్రి ఆయా ఉండదంటే, డ్యూటీ దిగే ముందు ఒకసారి మార్చి వెళ్లమనండి. మధ్యలో విరేచనమైతే తెల్లారేదాకా ఆగకూడదు, చర్మం పుండు పడుతుంది. అప్పుడు ఆ అబ్బాయే మార్చాల్సి వస్తే ముందు లైటు వేసి, ఎదురుగా నిలబడి, 'అమ్మా' అని పిలిచి, ఏం చేయబోతున్నాడో చెప్పాలి. నడుము మీద దుప్పటి కప్పి, దాని కిందే మార్చాలి. ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

అతన్ని అనుమానించమని కాదు గానీ, ఒంటి మీద కమిలిన గుర్తులేమైనా ఉన్నాయేమో మీరే ఒకసారి చూడండి. కనిపిస్తే ఊరుకోవద్దు, వెంటనే డాక్టర్‌కు చూపించి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఈ గొడవ ఉన్నట్టుండి మొదలైతే యూరిన్ టెస్ట్ చేయించండి. ఈ వయసు ఆడవాళ్లలో మూత్రంలో ఇన్ఫెక్షన్ మామూలే, మతిమరుపు ఉన్నవాళ్లు మంట అని చెప్పలేరు. మలబద్ధకం, కీళ్ల నొప్పులు కూడా చూడాలి.

ఇక మందుల సంగతి. ఇలాంటప్పుడు రాసే యాంటీసైకోటిక్ మందులు (తీవ్రమైన మానసిక జబ్బులకు వాడేవి) డిమెన్షియా (మతిమరుపు జబ్బు, అల్జీమర్స్ అందులో ఒకటి) ఉన్న వృద్ధుల్లో మరణం ముప్పు పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. పక్షవాతం, తూలి పడిపోవడం కూడా ఉంటాయి. ఆవిడకో, పక్కవాళ్లకో నిజంగా ప్రమాదం ఉండి, మిగతావన్నీ ప్రయత్నించాక మాత్రమే, సైకియాట్రిస్ట్ లేదా న్యూరాలజిస్ట్ చూసి, తక్కువ డోసులో, కొద్దిరోజులు వాడాలి.

ఇంకో మాట. జీవితమంతా చీర కట్టిన మనిషికి హోమ్‌లో నైటీ తొడుగుతారు. చీరైతే కాళ్లకు అడ్డంపడి పడిపోయే భయం, వాళ్లనీ తప్పు పట్టలేం. నైటీ మీద భుజాన ఒక కండువా వేయించి చూడండి.